విరగని మోకాలు

చొక్కా కాలర్‌ని మొదట వెనకవైపు, తర్వాత ముందువైపు ఇస్త్రీ చెయ్యాలని మోహనకృష్ణ పెళ్ళైన కొత్తలోనే అనూరాధకు చెప్పాడు. ఇప్పటికీ మీటింగుకి బయల్దేరే ప్రతిసారీ ఆ మాట చెబుతూనే ఉంటాడు. ఆ ఉదయం కూడా చెప్పి, బీరువా అద్దం ముందు నిలబడి ఉపన్యాసం అప్పజెప్పుకోవడం మొదలుపెట్టాడు. కుడిచెయ్యి ఎక్కడ పైకెత్తాలో, ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో రెండుసార్లు సరిచూసుకున్నాడు.

శ్రీకాకుళంలో ఆయనకు మంచి పేరుంది. చెప్పేది జూనియర్ కాలేజీలో కామర్స్ పాఠాలే అయినా, వ్యక్తిత్వ వికాసం మీద మాట్లాడమని పాలకొండ నుంచి ఇచ్ఛాపురం దాకా పిలుస్తారు. కష్టాలు దాటి పైకొచ్చిన మనుషుల కథలు ఆయన ప్రత్యేకత. అందులోనూ ఆడవాళ్ళ కథలంటే ఆయన గొంతు గద్గదమవుతుంది. కాలు పోయినా కొండెక్కిన ఆమె, కూలికి వెళ్తూ చదువుకుని ఆఫీసరైన ఆమె, భర్త వదిలేస్తే పిండివంటలమ్మి నలుగురికి పని కల్పించిన ఆమె. హాల్లో ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకోకుండా ఉండరు.

ఆ కథలన్నీ అనూరాధకు కంఠతా వచ్చు. ఇస్త్రీ చేస్తూ, కూర తరుగుతూ, ఆయన షూస్ తుడుస్తూ ఏళ్ళ తరబడి విన్నది. చిత్రమేమిటంటే, చెప్పే మనిషి మీద ఆమెకు నమ్మకం ఎప్పుడో సడలిపోయింది గాని కథల మీద సడలలేదు. పప్పు ఉడికేలోగా ఆ కొండెక్కిన మనిషి గురించే ఆలోచించేది. మొదటిరోజు ఎక్కడ కూలబడి ఉంటుంది? వెనక్కి వచ్చేద్దామని ఎవరితోనైనా అని ఉంటుందా? ఇంట్లో ఆమె పని ఆ రోజుల్లో ఎవరు చేసి ఉంటారు? మోహనకృష్ణ కథల్లో ఆ సంగతులుండవు. కష్టం ఒక్క వాక్యంలో అయిపోయేది. గెలుపు మాత్రం చప్పట్లు మోగేదాకా సాగేది.

"ఒసే అనూరాధా, నన్ను లేపుతావా, నేదా?" అని లోపలి గదిలోంచి జగ్గమ్మ కేకేసింది. అనూరాధ ఇస్త్రీపెట్టె ఆపి వెళ్ళింది. అత్తగారు మంచి ఒళ్ళున్న మనిషి. పోయిన వానాకాలం బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయినా తనంతట తాను లేవలేదు. అనూరాధ మంచం పక్కన కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా నిలిపి, ముసలావిడ చంకల కింద చేతులు పోనిచ్చి ఒక్క ఊపిరితో పైకి లేపింది. బరువంతా తొడల్లోకి దిగింది. నడుముకి తెలియనే తెలియలేదు. అలా ఎత్తడం ఆమె ఈ ఇంట్లో నేర్చుకున్నది కాదు.

ఆమె పుట్టింది విజయనగరానికి దగ్గర్లో ఒక పల్లెలో. ఆ ఊళ్ళో పొలం పని అయ్యాక పిల్లలు రేకుల షెడ్డులో బరువులెత్తడానికి వెళ్ళేవారు. ఆడపిల్లలు ఇనుప బిళ్ళలు తొడిగిన బార్ ఎత్తితే ఆ ఊళ్ళో ఎవరూ నోరు తెరుచుకుని చూసేవారు కారు, అక్క ఎత్తింది కాబట్టి చెల్లి ఎత్తేది. నరసింగరావు మాస్టారు నేర్పేవారు. అనూరాధ రాష్ట్రపోటీల్లో రెండో స్థానం తెచ్చుకున్న ఏడాదే మోహనకృష్ణ సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో అతను, క్రీడాకారిణి నా భార్య కావడం నాకు గర్వం, ఆట ఆపనక్కర్లేదు అన్నాడు. ఆ మాటకే ఆమె తలూపింది.

పెళ్ళిలో జాకెట్టు చేతులు మోచేతి దాకా కుట్టించమన్నది జగ్గమ్మ. "జబ్బలు సూడు, మగోడి జబ్బల్లాగ. నలుగురూ సూస్తే ఏటనుకుంతారు?" అంది. ఆ తర్వాత ఈ ఇరవై ఏళ్ళలో అనూరాధ పొట్టిచేతుల జాకెట్టు తొడగలేదు. కాని ఆ జబ్బల్ని మాత్రం ఇల్లు వాడుకుంటూనే ఉంది. మేడ మీదికి గ్యాస్ సిలిండర్ మోసేది ఆమే. బియ్యం బస్తా లోపలికి లాగేది ఆమే. బీరువా జరపాలన్నా ఆమెనే పిలుస్తారు. చుట్టాలొచ్చినప్పుడు జబ్బలు కప్పుకోవాలి, వాళ్ళు వెళ్ళాక వాళ్ళు పడుకున్న మంచాలు మళ్ళీ డాబా మీదికి చేర్చాలి. ఈ రెంటికీ పొంతన ఎక్కడుందో ఆమె చాలాకాలం అడగలేదు, తనను తాను కూడా.

పెళ్ళైన ఏడాదికి జాతీయ పోటీలకు ఎంపికలు వచ్చాయి. సరిగ్గా ఆ రోజే ఆడపడుచు రాజకుమారికి పెళ్ళిమాటలు పెట్టుకున్నారు. నువ్వెల్లిపోతే ఎవులు వండుతారు, నీ బరువులు వచ్చే యేడూ అక్కడే ఉంతాయి అంది అత్తగారు. మోహనకృష్ణ ఏమీ అనలేదు. వచ్చే ఏడు కడుపులో ఈశ్వరి పడింది. ఆ పై ఏడు ఎవరూ అడగలేదు. బరువులెత్తేటప్పుడు వేసుకునే ఆమె బూట్లను జగ్గమ్మ పాతసామాన్లవాడికి ఇచ్చేసింది.

ఇదంతా మనసులో అడుగుకి చేరిపోయిందనే అనుకుంది అనూరాధ. ఆసుపత్రిలో అసిరమ్మ కనబడేదాకా.

అత్తగారి ఆపరేషన్ అప్పుడు పక్కమంచం మీద కళింగపట్నం మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడకు సాయంగా చెల్లెలు అసిరమ్మ వచ్చేది. మగవాళ్ళెవరూ రాని వార్డులో అనూరాధ, అసిరమ్మ ప్లాస్కులో టీ పంచుకుంటూ రోజులు గడిపారు. అసిరమ్మ చేపల వ్యాపారం చేస్తుంది. చేపలు తేవడానికి సొంతంగా సామాన్ల ఆటో నడుపుతుంది. అంతకుముందు తట్టతో బస్సెక్కితే కంపు కొడుతోందని దింపేసేవారట. ఆటోవాళ్ళు కడగడానికని రెట్టింపు అడిగేవారట. మొగుడు సముద్రం మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. కొడుకూ ఆ వేటకే వెళ్తాడు. నలభై దాటాక ఒక పాత ఆటో కొని నేర్చుకుంది. మొదటిసారి ఒంటరిగా రోడ్డెక్కినప్పుడు గార ఊరి దగ్గర మలుపులో చేపలతో సహా గోతిలో పడింది. చుట్టూ మూగినవాళ్ళు ముందు నవ్వి, నవ్వడం అయ్యాక ఆటో లేపారట.

"మరి మర్నాడు ఎలా వెళ్ళావు? భయం వెయ్యలేదా?" అని అడిగింది అనూరాధ. ఇన్నేళ్ళుగా కొండెక్కిన మనిషిని అడగాలనుకున్న ప్రశ్న అది.

"ఎందుకెయ్యదమ్మా, ఏసింది. కాళ్ళు వణికినాయి," అంది అసిరమ్మ. "కానీ బోటు వచ్చీసినాది. సేప ఆగుతాదేటి? కుళ్ళిపోదా? వణుక్కుంటానే తోలీసినాను."

ధైర్యం గురించి ఆమె ఒక్క మాట అనలేదు. తన కథ ఎవరికైనా పనికొస్తుందని కూడా ఆమెకు తోచినట్టు లేదు. టీగ్లాసు కడగడానికి లేచి వెళ్ళిపోయింది. అనూరాధ మాత్రం అక్కడే కూర్చుండిపోయింది. అయితే భయం పోయాక వెళ్ళడం కాదన్నమాట. వణుకుతూనే వెళ్ళొచ్చన్నమాట. ఈ సంగతి ఆయన ఏ ఉపన్యాసంలోనూ చెప్పలేదే అనుకుంది. తను ఇన్నాళ్ళూ ఎదురుచూసింది భయం పోయే రోజు కోసమని, అలాంటి రోజు ఎవరికీ రాదని, ఆసుపత్రి వార్డులో మందుల వాసన మధ్య ఆమెకు మొదటిసారి తెలిసింది.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ కథ భర్తకు చెప్పింది. ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. మోహనకృష్ణ తినడం ఆపి మరీ విన్నాడు. బంగారంలాంటి కథ, ఇన్నాళ్ళకి మన జిల్లా కథ ఒకటి దొరికింది అన్నాడు. భార్య ముఖం ఎందుకు అలా ఉందో అడగలేదు.

మార్చి నెల వచ్చింది. ఊళ్ళో ఒక మహిళా కళాశాలవాళ్ళు మహిళా దినోత్సవానికి ఆయన్ని పిలిచారు. దంపతులిద్దరికీ సత్కారం చేస్తామన్నారు. అందుకని అనూరాధ కూడా వెళ్ళాల్సి వచ్చింది. అత్తగారిని చూసుకోవడానికి రాజకుమారి వచ్చింది. చొక్కా కాలర్ మడతలు మరోసారి సరిచూసుకుని మోహనకృష్ణ బైకు తీశాడు.

హాలు నిండా అమ్మాయిలు. అనూరాధ ముందు వరసలో, ఆయన సంచీ, మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోహనకృష్ణ అసిరమ్మ కథతో మొదలుపెట్టాడు. ఆయన చెప్పిన అసిరమ్మ గోతిలో పడలేదు. ఎవరూ నవ్వలేదు. సముద్రం వైపు తిరిగి, నేను ఓడిపోను అని శపథం చేసింది. ఆమె కొడుకు ఇంజినీరయ్యాడు. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. అనూరాధ చప్పట్లు కొట్టలేదు. వణుకే కదా ఆ కథలో ఉన్న ప్రాణం, దాన్నే తీసేశాడేమిటి ఈయన అనుకుంది.

తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. నాకు బాగా తెలిసిన ఒక అమ్మాయి గురించి చెబుతాను అన్నాడు. విజయనగరం దగ్గర పల్లెటూరు. రేకుల షెడ్డు. రాష్ట్రస్థాయిలో పతకం. అనూరాధ ఒళ్ళోని సీసాను గట్టిగా పట్టుకుంది. ఆ అమ్మాయి జాతీయ పోటీలకు సిద్ధమవుతుండగా ఒకరోజు మోకాలు విరిగిందట. డాక్టర్లు ఇక బరువులెత్తకూడదన్నారట. మరొకరైతే కుంగిపోయేవారు. కాని ఆమె చిరునవ్వుతో కొత్త జీవితంలోకి నడిచిందట. తన కుటుంబమే తన పతకం అనుకుందట. ఓటమిని ప్రేమగా మార్చుకోవడం స్త్రీకే సాధ్యం అని ముగించి కళ్ళు మూసుకున్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. అనూరాధ తలవంచి చీర కుచ్చిళ్ళ వైపు చూసుకుంది. వాటి కింద ఉన్న మోకాళ్ళు రెండూ ఆ పొద్దున్నే ఒక నిండు మనిషిని ఎత్తి వచ్చాయి.

ప్రశ్నలుంటే అడగమన్నారు. మూడో వరసలోంచి తులసి అనే అమ్మాయి లేచి, ఆ మోకాలు విరిగిన ఆవిడ ఇప్పుడు ఎక్కడున్నారు సార్ అని అడిగింది. సంతోషంగా ఉందమ్మా అన్నాడు మోహనకృష్ణ. ఎక్కడ సార్ అని తులసి మళ్ళీ అడిగింది. ఆయన నవ్వి మైకు చేతులు మార్చుకున్నాడు.

అనూరాధ సంచీ, సీసా కుర్చీలో పెట్టి లేచి నిలబడింది. లేవాలని అనుకున్నట్టు కూడా ఆమెకు గుర్తులేదు. కాళ్ళు వణుకుతున్నాయి. వణకనీ అనుకుంది.

"నేనేనమ్మా ఆవిడని," అంది. ఎవరో మైకు అందించారు. "నా మోకాలికి ఏటీ అవలేదు. ఎంపికల రోజు ఇంట్లో పెళ్ళిమాటలు పెట్టుకున్నారు. వండడానికి మనిషి కావాలన్నారు, ఉండిపోయాను. చిరునవ్వు నవ్వలేదు. పొయ్యి దగ్గర ఏడ్చాను. కుటుంబమే పతకం అని నేనెప్పుడూ అనుకోలేదు. పతకం వేరు, కుటుంబం వేరు. నాకు రెండూ కావాలనిపించింది."

మోహనకృష్ణ కిందికి చూస్తున్నాడు. అనూరాధ మైకు ఇచ్చెయ్యబోయి ఆగింది. "అసిరమ్మ కొడుకు ఇంజినీరు కాదు, వేటకెళ్తాడు. ఆవిడ గోతిలో పడింది, అందరూ నవ్వారు. మర్నాడు వణుక్కుంటూనే బండి తోలింది. ఆ కథ అలాగే బాగుంది. దాన్ని ఎవరూ బాగుచెయ్యక్కర్లేదు."

తులసి ఇంకా నిలబడే ఉంది. "ఇప్పుడు ఎత్తగలరా మేడం?" అంది.

"తెలీదమ్మా," అంది అనూరాధ. "చూడాలి."

ఇద్దరూ బైకు మీద తిరిగొచ్చారు. శాలువా, దండ, జ్ఞాపిక ఆమె ఒళ్ళో ఉన్నాయి. నాగావళి వంతెన మీద గాలికి దండలోని పూలు ఊడి ఎగిరిపోతుంటే ఆమె పట్టుకోలేదు. ఇంటికొచ్చాక ఆయన నోరు తెరిచాడు. నలుగురిలో పరువు తీశావన్నాడు. నీ పేరైనా చెప్పలేదు కదా, అంత గౌరవంగా చెప్పాను కదా అన్నాడు. ఆమె అడిగింది ఒకటే. ఉన్నది ఉన్నట్టు ఎందుకు చెప్పలేదని.

"ఎలా చెప్తారే? మా అమ్మ వద్దంది, నేను నోరు మూసుకున్నాను అని స్టేజీ మీద చెప్పమంటావా? మోకాలు విరిగిందంటే ఎవరి తప్పూ ఉండదు. వినేవాళ్ళకీ బాగుంటుంది."

"అందుకని నా మోకాలు విరిచేశారా?"

ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. నోరు మూసుకున్నానన్న సంగతి తెలిసే, దానిమీద ఒక అందమైన కథ పరిచాడు. ఆయన మరిచిపోయాడేమోనని ఇన్నాళ్ళూ తను జాలిపడింది. ఇక ఆ జాలి కూడా అక్కర్లేదని తేలిపోయాక ఒళ్ళు తేలికపడినట్టైంది.

మర్నాడు విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు ఈశ్వరి ఫోన్ చేసింది. ఎవరో తీసిన వీడియో దాని దాకా వెళ్ళింది. అమ్మా, నువ్వు బరువులెత్తేదానివా, నాకెప్పుడూ చెప్పలేదేం అని అడిగింది. అనూరాధకు ఆయన ఉపన్యాసం కన్నా ఆ ప్రశ్నే గట్టిగా తగిలింది. ఎవరో దాచారని ఇన్నాళ్ళూ అనుకుంది గాని, తనూ చెప్పలేదు. పొడుగుచేతుల జాకెట్టు తను కూడా తొడుక్కుంది. చెప్తానే, వచ్చాక అన్నీ చెప్తాను అంది.

నరసింగరావు మాస్టారు రిటైరయ్యాక శ్రీకాకుళంలోనే కూతురింట్లో ఉంటూ, ఊరిచివర ఒక షెడ్డులో పిల్లలకు నేర్పుతున్నారని తెలిసి అక్కడికి వెళ్ళింది. ఆయన ఆమెను గుర్తుపట్టి, ఎందుకు మానేశావని అడగలేదు. ముప్ఫై అయిదు దాటినవాళ్ళకి వేరే పోటీలుంటాయి, రోజూ పొద్దున్నే రాగలవా అన్నారు. వస్తానంది. బిళ్ళలు లేని ఉత్త బార్ ఇచ్చారు. దాన్ని తల మీదికి ఎత్తి నిలపలేకపోయింది. భుజాలు బిగుసుకుపోయాయి. చేతులు నిటారుగా చాచడం మరిచిపోయాయి. బార్ ముందుకి జారి నేల మీద పడింది. పక్కన ఈశ్వరి ఈడు పిల్లలు నవ్వు ఆపుకున్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

ఇంట్లో జగ్గమ్మ ఊరుకోలేదు. "పొద్దుగాలే నువ్వెల్లిపోతే నన్నెవులు లేపుతారే?" అంది.

"మీ అబ్బాయి లేపుతారత్తా," అంది అనూరాధ.

మోహనకృష్ణ తనకు నడుంనొప్పి అన్నాడు. సరిగ్గా ఎత్తితే రాదంది ఆమె. మంచం పక్కన నిలబెట్టి చూపించింది. కాళ్ళు ఎడంగా పెట్టండి, నడుము వంచకండి, మోకాళ్ళు వంచండి, మనిషిని మీ ఒంటికి దగ్గరగా తీసుకోండి, అప్పుడు లేవండి. ఆయన నడుము వంచి లాగాడు. ముసలావిడ సగం లేచి మళ్ళీ మంచం మీద పడింది. మోహనకృష్ణ భార్య వైపు చూశాడు. అనూరాధ గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. చెయ్యి వెయ్యాలని భుజాలు వాటంతట అవే కదిలాయి. ఆపుకుంది. ఏ బరువు ఎత్తడం కన్నా ఆ ఆపుకోవడమే కష్టమనిపించింది.

"ఒరే, నడుం వంచీకురా. మోకాళ్ళు వంచు," అంది జగ్గమ్మ కొడుకుతో విసుగ్గా. "అది అలాగే లేపుతాది. సూళ్ళేదేటి నువ్వు?"

అనూరాధ మెట్లు దిగుతూ ఆ మాట విన్నది. అత్తగారు ఇన్నాళ్ళూ గమనిస్తూనే ఉందన్నమాట. అది మెచ్చుకోలు కాదు. అయినా అబద్ధం కాదు. ఆ రోజుకి అది చాలనుకుంది.

వేసవి వెళ్ళి వానలు పడ్డాక విజయనగరంలో ఆ పోటీలు జరిగాయి. ఈశ్వరి స్నేహితురాళ్ళతో వచ్చి గ్యాలరీలో కూర్చుంది. అనూరాధ చేతులు లేని పోటీబట్టల్లో వెలుగులోకి నడిచింది. ఇరవై ఏళ్ళ తర్వాత జబ్బలకు గాలి తగిలింది. ఒక్క ఊపున బార్‌ని తలపైకి తీసుకెళ్ళే విభాగంలో మూడు అవకాశాలిస్తారు. మొదటిసారి మోకాళ్ళ దాకానే వచ్చింది. రెండోసారి తలపైకి వెళ్ళి వెనక్కి పడింది. మూడోసారి నిలిచిందనే అనుకున్నారంతా. లేచి నిలబడేలోగా కుడి మోచెయ్యి వంగింది. చెల్లదంటూ ఎర్రలైట్లు వెలిగాయి. లెక్కలో సున్నా. ఆమె బార్‌కి దండం పెట్టి దిగి వచ్చేసింది. నరసింగరావు మాస్టారు తువ్వాలు అందిస్తూ, మోచెయ్యి సంగతి రేపు చూద్దాం అన్నారు. ఈశ్వరి మాత్రం అమ్మ జబ్బను పట్టుకుని బస్సెక్కేదాకా వదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి మోహనకృష్ణ తల్లికి అన్నం పెట్టి, గిన్నెలు సింకులో వేసి కూర్చున్నాడు. ఆ మధ్య ఆయనకు పిలుపులు తగ్గాయి. వీడియో చూసినవాళ్ళు రెండోసారి పిలవడానికి వెనకాడుతున్నారు. ఇప్పుడు మాత్రం ముఖంలో ఏదో వెలుగుంది. ఎస్.కోటలో ఒక కాలేజీవాళ్ళు పిలిచారట. ఈసారి నీ కథే చెబుతాను, నీ పేరు పెట్టే చెబుతాను, మోకాలూ గీకాలూ ఏమీ ఉండవు అన్నాడు. వంటింటి గురించీ చెబుతానన్నాడు. తన తప్పు కూడా చెబుతానన్నాడు. ఆ మాట అనడానికి ఆయన కష్టపడ్డాడని అనూరాధకు కనబడింది. మంచినీళ్ళు తాగుతూ వింది.

"ఒక్కటే," అన్నాడాయన. "చివర సున్నా అంటే బాగోదు. పిల్లలు నిరుత్సాహపడతారు. మూడోసారి ఎత్తేశావని చెబుతాను. ఎలాగూ దాదాపు ఎత్తేశావు కదా."

అనూరాధ గ్లాసు కింద పెట్టింది. కుడి మోచెయ్యి ఇంకా సలుపుతోంది. ఆ సలుపు కూడా తనదే అనిపించింది.

"ఎత్తలేదండీ," అంది. "పడేశాను. పడేశాననే ఉండాలి. ఆ తర్వాత ఏమవుతుందో నాకూ తెలీదు. అయ్యాక నేనే చెబుతాను. అప్పుడు మీరు కింద కూర్చుని వినండి."